అక్టోబరు 31 రాత్రి మన పిల్లలు ఏం చూస్తారు?

అక్టోబరు నెలాఖరు అనగానే పల్నాడులో మనకు గుర్తొచ్చేవి వేరు. పత్తి తీతలు మొదలవుతాయి. మిరప చేలకు నీళ్లు, మందులు, కలుపులు. సంఘాల్లో సంస్కరణ దినపు ఆరాధన, ఆ వెంటనే నవంబరు 2న సమాధుల పండుగ. ఈ మధ్య ఈ వరసలోకి మరో మాట వచ్చి చేరింది. హాలోవీన్. డల్లాసులోనో అట్లాంటాలోనో ఉన్న కూతురు ఫోనులో ఫోటో పంపుతుంది. నాలుగేళ్ల మనవడు తెల్లదుప్పటి కప్పుకుని, కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టించుకుని, చేతిలో గుమ్మడికాయ ఆకారపు బుట్టతో నిలబడి నవ్వుతుంటాడు. నరసరావుపేటలో అమ్మమ్మ ఆ ఫోటో చూసి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. "పసిబిడ్డకు దెయ్యం వేషమేమిటే తల్లీ! ప్రార్థన చేసుకునే ఇంట్లో ఈ చోద్యమేమిటి?"

అక్కడితో అయిపోతే ఇది అమెరికాలో ఉన్నవారి గొడవే అని ఊరుకునేవాళ్లము. కాని ఆ వేషాల వెనుక ఉన్న సినిమాలు మన ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి. ఇదివరకు క్యాసెట్లుగా వచ్చాయి, ఇప్పుడు ఫోనులో వస్తున్నాయి. తల్లి చేనికి వెళ్లేటప్పుడు చిన్నదాన్ని ఊరుకోబెట్టడానికి ఫోను పెద్దదాని చేతికిచ్చి వెళుతుంది. పిల్లలు బొమ్మల సినిమా ఒకటి పెట్టుకుంటారు. అది అయిపోగానే ఫోను దానంతటదే ఇంకొకటి చూపిస్తుంది, ఆ తరువాత మరొకటి. మొదటిది నవ్వుల దెయ్యం, మూడోది నెత్తురు దెయ్యం. సాయంత్రం తల్లి తిరిగివచ్చేసరికి పిల్ల గడప దాటి బయటకు రాదు.

"పిల్లల కోసమే తీశారట, చూడనివ్వవచ్చునా?" అని కొందరు తల్లులు మమ్మల్ని అడిగారు. వద్దు అని ఒక్క మాటతో చెప్పి తప్పించుకోవడం తేలికే. కాని చూడకుండా వద్దనడం మాకు న్యాయమనిపించలేదు. అందుకే అమెరికాలో పిల్లలకు ఇంట్లో చూపే హాలోవీన్ సినిమాల్లో పేరున్నవి కొన్ని, మన పిల్లలతో కలిసి కూర్చుని చూశాము. చూసినవాటి గురించి మాకు తోచింది రాస్తున్నాము.

ముందు ఆ పండుగ సంగతి

హాలోవీన్ అనే మాటలో దెయ్యం లేదు. పరిశుద్ధులందరి దినమైన నవంబరు 1కి ముందు సాయంత్రం అని దాని అర్థం. ఐర్లండు, స్కాట్లండు ప్రజలు క్రైస్తవులు కాకముందు, చలికాలం మొదలయ్యే ఆ రోజుల్లో చనిపోయినవారి ఆత్మలు తిరుగుతాయని నమ్మేవారు. సంఘం ఆ దినాలకు పరిశుద్ధుల పేరు పెట్టింది గాని పాత భయాలు పూర్తిగా పోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐర్లండు నుండి వలస వెళ్లినవారు ఆ ఆచారాలను అమెరికాకు పట్టుకెళ్లారు. తమ దేశంలో టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు, అమెరికాలో గుమ్మడికాయలు విరివిగా దొరికాయి గనుక దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. గుమ్మడికాయకు భయంకరమైన ముఖం గీయడం మనకూ కొత్త కాదు. కొత్తగా కట్టే ఇంటి ముందు, దుకాణం ముందు దిష్టికి వేలాడదీసే బూడిద గుమ్మడికాయను రోజూ చూస్తూనే ఉన్నాము. వాళ్లు ఆటకు పెడతారు, ఇక్కడ నమ్మి పెడతారు. ఈ తేడాను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. తరువాత చెప్పబోయేదంతా దీనిమీదే ఆధారపడింది.

మన ప్రొటెస్టంటు సంఘాలకు అక్టోబరు 31 వేరే విధంగా ముఖ్యం. 1517లో మార్టిన్ లూథర్ విట్టెన్‌బర్గులో తన 95 వాదాంశాలను బయటపెట్టిన రోజు అది. మర్నాడు పరిశుద్ధులందరి దినం. ఆ వాదాంశాలు దేని గురించి? చనిపోయినవారి ఆత్మలు అగ్నిలో వేగుతున్నాయని బతికున్నవారిని భయపెట్టి, పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునే వ్యాపారం గురించి. చనిపోయినవారిపేర సాగుతున్న భయపు బేరాన్ని ఒక సన్యాసి ఆ రోజున ప్రశ్నించాడు. 1842 జూలై 31న గుంటూరు చేరి, తరువాత పల్నాడులో గురజాల కేంద్రంగా పనిచేసిన హయ్యరుగారు తెచ్చింది ఈ సంస్కరణ సువార్తే. కాబట్టి అక్టోబరు 31న భయం గురించి పిల్లలతో మాట్లాడటానికి మనకు అమెరికావాళ్ల కంటే ఎక్కువ హక్కు ఉంది.

వీసీపీ రోజుల నుండి

దెయ్యాల సినిమా ఇంట్లోకి రావడం ఫోనులతో మొదలు కాలేదు. 1982లో మన దేశానికి రంగుల టీవీ వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే మన పల్లెల్లో వీసీపీ, రంగుల టీవీ, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోవడం వాడుకైంది. పెండ్లికి, పుష్పవతి వేడుకకు, కొన్నిచోట్ల క్రిస్మస్ రాత్రికి కూడా బజారులో బల్లమీద టీవీ పెట్టేవారు. మొదట భక్తి చిత్రం, తరువాత కుటుంబ చిత్రం. అర్ధరాత్రి దాటాక, ముసలివాళ్లు నిద్రపోయాక, మూడో క్యాసెట్. అందులో దెయ్యం ఉండేది. రాంగోపాల్ వర్మ తీసిన 'రాత్రి' 1992లో, 'దెయ్యం' 1996లో వచ్చాయి. వాటిని ఊరి బజారులో చాపమీద కూర్చుని చూసి, ఇంటికి వెళ్లడానికి చింతచెట్టు కింద నుండి నడవాల్సి వచ్చిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. 2005లో 'చంద్రముఖి', 2009లో 'అరుంధతి' వచ్చినప్పుడు వారి పిల్లలు టీవీలో చూశారు. భయపడినవారే మళ్లీ చూశారు. భయానికి ఆ గుణం ఉంది.

అదే బజారులో అదే టీవీలో 1978 నాటి 'కరుణామయుడు' కూడా చూశాము. సిలువ మోసే ఘట్టంలో ఊరంతా, మనవాళ్లు కానివారు కూడా ఏడ్చిన సంగతి పెద్దలు చెబుతారు. టీవీ పెట్టె మంచిదా చెడ్డదా అన్న వాదన అందుకే మాకు ఎప్పుడూ తెగదు.

పిల్లల కోసమే తీసిన దెయ్యం సినిమా తెలుగులోనూ ఒకటి వచ్చింది. మన దేశపు మొదటి త్రీడీ చిత్రమైన 1984 నాటి మలయాళ సినిమా 'మై డియర్ కుట్టిచాత్తాన్' మనకు 'చిన్నారి చేతన'గా వచ్చింది. మంత్రగాడికి బానిసగా ఉన్న చిట్టి దయ్యాన్ని పిల్లలు విడిపించి స్నేహం చేస్తారు. సరదాగా ఉంటుంది. అయితే మంత్రగాడికి శక్తి ఉన్నదని, అతడు చెప్పినట్టు ఆత్మలు ఆడతాయని కథంతా ఒప్పుకునే నడుస్తుంది. మంత్రగాడు పక్క ఊళ్లోనే ఉన్న పిల్లలకు అది ఊహాకథ కాదు.

ఒక ఇంటి సంగతి

గురజాల ప్రాంతంలో మాకు తెలిసిన కుటుంబం ఒకటి ఉంది. ఇద్దరూ కూలికి వెళ్లేవారు, ఆదివారం ఆరాధన మానని వారు. వారి అమ్మాయి నాలుగో తరగతి. సంక్రాంతి సెలవుల్లో మేనమామ ఫోనులో ఒక బొమ్మ దెయ్యం సినిమా చూసింది. ఆ రాత్రి నుండి దొడ్లోకి ఒంటరిగా వెళ్లడం మానింది. నిద్రలో ఉలిక్కిపడి లేచేది. నాలుగు రోజులకు జ్వరం వచ్చింది. ఇరుగుపొరుగు "గాలి సోకింది" అన్నారు. ఆస్పత్రి సూదిమందుకు జ్వరం తగ్గింది గాని భయం తగ్గలేదు. నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా పిల్లను వేరే ఊరు తీసుకుపోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. గౌను లోపల కనబడకుండా కట్టారు.

సండేస్కూలు టీచరమ్మ ఆ దారాన్ని చూసింది. ఇటువంటిచోట మనలో చాలామంది చేసే పని, అందరిముందూ దారం తెంపి, నాయనమ్మను పిలిచి మందలించి, పాస్టరుగారికి చెప్పడం. ఆమె ఆ పని చేయలేదు. "ఏం చూశావమ్మా?" అని అడిగింది. పిల్ల కథంతా చెప్పింది. బొమ్మ మెడ దానంతటదే తిరగడం దగ్గర ఆగిపోయింది. టీచరమ్మ తన ఫోనులో, అటువంటి సినిమాలు ఎలా తీస్తారో చూపించే చిన్న వీడియో ఒకటి వెతికి పెట్టింది. బొమ్మ వెనుక నల్లబట్టలు వేసుకున్న మనిషి చువ్వ పట్టుకుని తల తిప్పుతుంటాడు, ఇంకొకడు టీ తాగుతూ చూస్తుంటాడు. పిల్ల ఆ టీ తాగేవాడిని చూసి నవ్వింది. "ఇంకోసారి పెట్టండి" అంది. నాలుగుసార్లు చూసింది.

ఆ రాత్రి నుండి దొడ్లోకి వెళ్లిందా? వెళ్లలేదు. మరో నెల పట్టింది. తాయెత్తు ఎప్పుడు తీశారో మేము అడగలేదు. కాని ఒకటి మాత్రం చూశాము. పిల్ల భయానికి మనం జవాబు ఇవ్వకపోతే జవాబు ఇచ్చేవాడు మరొకడు పక్క ఊళ్లో సిద్ధంగా ఉన్నాడు. వాడి దగ్గరకు వెళ్లే దారి మన ముసలివాళ్లకు తెలుసు. తరాలుగా విశ్వాసంలో ఉన్న ఇళ్లలో కూడా ఆ దారిలో గడ్డి మొలవలేదు.

ఇక సినిమాల సంగతి

మేము చూసినవాటిలో మొదట చెప్పవలసింది 1993లో అమెరికాలో వీడియో క్యాసెట్టుగా వచ్చిన ఒక చిన్న చిత్రం. 'వెజ్జీటేల్స్' అనే వరుసలో ఇది మొదటిది. ఫిల్ విషర్, మైక్ నవ్రోకీ అనే ఇద్దరు యువకులు తీశారు. ఇద్దరూ బైబిలు కళాశాలలో కలుసుకున్నవారు. పాత్రలన్నీ కూరగాయలు. బాబ్ టమాటా, లారీ దోసకాయ. ఎవరికీ చేతులు కాళ్లు లేవు, ఎందుకంటే వాటిని కదిలించాలంటే ఆనాటి కంప్యూటర్లకు తలకు మించిన పని. అందుకని గెంతుతూ తిరుగుతాయి, మన పిల్లలకు అదే పెద్ద నవ్వు. పేరుకు తెలుగు అర్థం చెప్పాలంటే, నాకు భయమేసినప్పుడు దేవుడెక్కడ అని.

కథ మన ఇంటి కథే. జూనియర్ అనే చిన్నవాడు, మన పిల్లిపీచర జాతి మొక్క వాడు, రాత్రిపూట టీవీలో భయంకరమైన సినిమా చూసి మంచమెక్కుతాడు. నిద్ర పట్టదు. బాబ్, లారీ వచ్చి దేవుడు అన్నిటికంటే పెద్దవాడని పాడి చెబుతారు. ఇంతలో టీవీలోని ఆ రాక్షసుడే గదిలోకి వచ్చేస్తాడు. తీరా చూస్తే వాడు ఒహైయో రాష్ట్రం నుండి వచ్చిన ఒక నటుడు, మంచివాడు, వేషం కట్టి పొట్టపోసుకుంటున్నాడు. రెండో భాగంలో సింహాల గుహలో దానియేలు. ఒక అరగంటలో అయిపోతుంది.

ఇందులో మాకు నచ్చింది, దేవుడు పెద్దవాడని చెప్పి ఊరుకోకపోవడం. రాక్షసుడు వేషగాడని కూడా చూపించారు. మన సండేస్కూలు టీచరమ్మ చేసిన రెండు పనులూ అవే. మాటలు ఇంగ్లీషులో ఉంటాయి గాని తేలిక మాటలు. పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చుని చెబుతూ ఉంటే ఐదేళ్ల పిల్లలు కూడా చూస్తారు. పూర్తిగా తెలుగులోనే కావాలంటే బైబిలు కథల 'సూపర్‌బుక్' బొమ్మల చిత్రాలు తెలుగులో ఉన్నాయి, అందులో దావీదు, దానియేలు కథలు ఈ సందర్భానికి సరిపోతాయి.

రెండవది 1966 అక్టోబరు 27న అమెరికా టీవీలో మొదటిసారి వచ్చిన చార్లీ బ్రౌన్ గుమ్మడికాయ కథ. బొమ్మలు గీసిన చార్లెస్ షుల్జ్ సండేస్కూలులో పాఠాలు చెప్పిన మనిషి. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆయన క్రిస్మస్ చిత్రంలో లైనస్ అనే చిన్నవాడు లూకా సువార్త రెండో అధ్యాయాన్ని వేదికమీద అప్పగిస్తాడు. టీవీవాళ్లు వద్దని సందేహించినా షుల్జ్ ఒప్పుకోలేదు. ఈ గుమ్మడికాయ కథలో అదే లైనస్ ఒక పిచ్చి నమ్మకంలో పడతాడు. హాలోవీన్ రాత్రి మహా గుమ్మడికాయ తోటలోంచి లేచివచ్చి పిల్లలకు బొమ్మలు పంచుతుందని వాడి నమ్మకం. ఎంతో చిత్తశుద్ధితో నమ్ముతాడు. స్నేహితులందరూ మిఠాయిలకు ఇంటింటికీ తిరుగుతుంటే చలిలో తోటలో కూర్చుంటాడు. ఏదీ రాదు.

దెయ్యం గాని నెత్తురు గాని ఎక్కడా లేని అరగంట సినిమా. కాని ఇందులో సండేస్కూలుకు పనికివచ్చే ప్రశ్న ఉంది. చిత్తశుద్ధితో నమ్మితే చాలునా? మేము చూపించినప్పుడు పిల్లలు వాదులాడుకున్నారు. ఒకడు "వాడు పిచ్చోడు" అన్నాడు. ఒకమ్మాయి "పిచ్చోడు కాదు, తప్పు అడ్రసుకు ఉత్తరం రాశాడు" అంది. ఇంతకంటే బాగా మేము చెప్పలేము. లైనస్ నిజంగానే ఉత్తరం రాస్తాడు మరి.

ఇంకో ఘట్టం ఉంది. లైనస్ అక్క లూసీ మహా గయ్యాళి, సినిమా అంతా అందరినీ ఏడిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి చూస్తే తమ్ముడి మంచం ఖాళీ. కోటు వేసుకుని తోటకు పోయి, చలికి వణుకుతున్నవాణ్ని నడిపించుకొచ్చి, చెప్పులు విప్పి, దుప్పటి కప్పుతుంది. ఒక్క మాట మాట్లాడదు. ఆ చోట మా గదిలో ఉన్న అక్కలందరూ నిశ్శబ్దమైపోయారు. చార్లీ బ్రౌన్‌కు ప్రతి ఇంటిలోనూ మిఠాయికి బదులు రాయి వేస్తారు. అది చూసి బాధపడి అమెరికా పిల్లలు వాడికిమ్మని మిఠాయిలు పోస్టు చేశారని చెబుతారు. మన పిల్లలైతే వేరుశనగ ఉండలు పంపేవారేమో.

'కాస్పర్' 1995లో వచ్చింది. కాస్పర్ జబ్బుచేసి చనిపోయిన చిన్న పిల్లవాడి ఆత్మ, పాత బంగళాలో ఉంటాడు, స్నేహితుల కోసం తపిస్తాడు. తల్లి చనిపోయిన ఒక అమ్మాయి తండ్రితో ఆ ఇంటికి వస్తుంది. సినిమా మనసును తాకుతుంది. కాస్పర్ తండ్రి కొడుకును బతికించుకోవడానికి ఒక యంత్రం చేస్తాడు, దానికి పేరు లాజరస్. లాజరు పేరు యోహాను సువార్త పదకొండో అధ్యాయంలోంచి తీసుకున్నదే. మళ్లీ బతకడానికి ఉన్న ఒకే ఒక్క అవకాశాన్ని కాస్పర్ ఆ అమ్మాయి తండ్రికోసం వదులుకుంటాడు. ఇంతవరకు బాగుంది. అయితే పని మిగిలిపోయినవారు చనిపోయాక దెయ్యాలై తిరుగుతారని సినిమా చెబుతుంది. మన ఊళ్లల్లో ఈ మాట గట్టిగా ఉంది. కోరిక తీరక పోయినవాళ్లు చెట్టుపట్టుకుంటారని పిల్లలు రోజూ వింటారు. అందుకే పదేళ్లు నిండని పిల్లలకు దీన్ని చూపవద్దంటాము. పెద్ద పిల్లలకు చూపితే, చూశాక లాజరు కథ చదవండి. లాజరును లేపింది యంత్రం కాదు, సమాధి దగ్గర నిలబడి కన్నీళ్లు విడిచిన ప్రభువు. ఈ మధ్య ఇంట్లో మరణం జరిగిన కుటుంబాలు మాత్రం దీని జోలికి పోకపోవడం మంచిది.

2001 నాటి 'మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్' గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు, నిశ్చింతగా చూపవచ్చు. రాక్షసులు పిల్లల కేకలనుండి కరెంటు తయారుచేసుకుంటుంటారు, చివరకు నవ్వులోంచి పదిరెట్లు కరెంటు వస్తుందని తెలుసుకుంటారు. "అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తా" అనే అమ్మలూ అమ్మమ్మలూ పిల్లలతో కూర్చుని చూడవలసిన సినిమా ఇది.

ఇది మాత్రం వద్దు

అమెరికాలో హాలోవీన్ అంటే కుటుంబమంతా కూర్చుని చూసే సినిమాగా 'హోకస్ పోకస్'కు పేరుంది. డిస్నీవారు 1993లో తీశారు. సేలమ్ అనే ఊళ్లో 1693లో ఉరితీసిన ముగ్గురు మంత్రగత్తె అక్కచెల్లెళ్లు మూడువందల ఏళ్ల తరువాత లేచివచ్చి పిల్లల ప్రాణం పీల్చాలని చూస్తారు. పాటలు, హాస్యం. అమెరికా పిల్లలు నవ్వుకుని మర్చిపోతారు. మనవాళ్లకు ఎందుకు వద్దంటున్నామో కొంచెం వివరంగా చెప్పాలి.

సేలమ్ ఊరు నిజం. అక్కడి ఉరికంబాలు నిజం. 1692లో ఆ ఊరి పాస్టరుగారి ఇంట్లోనే ఇద్దరు ఆడపిల్లలు, ఒకతె తొమ్మిదేళ్లది, ఒకతె పదకొండేళ్లది, వింతగా మూర్ఛలు పోవడం మొదలుపెట్టారు. ఎవరో చేతబడి చేశారన్నారు. పేర్లు చెప్పమన్నారు. పిల్లలు పేర్లు చెప్పారు. పందొమ్మిది మందిని ఉరితీశారు. ఎనభై ఏళ్లు దాటిన ఒక రైతును బండరాళ్లు పేర్చి చంపారు. ఉరితీసినవారిలో రెబెకా నర్స్ అనే డెబ్బై ఒక్క ఏళ్ల ముసలామె ఉంది, సంఘంలో మంచిపేరున్న విశ్వాసురాలు. చేసినవారు ఎవరు? మనలాంటి ప్రొటెస్టంట్లు, ప్రతిరోజూ బైబిలు చదివినవారు. 1697 జనవరిలో ఆ రాష్ట్రమంతా ఉపవాస దినం ఏర్పరచుకుంది. తీర్పు చెప్పిన న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ సీవాల్ ఆరాధనలో సంఘమంతటి ముందు నిలబడ్డాడు. తన నేరాన్ని, సిగ్గును ఒప్పుకుంటూ తాను రాసిన కాగితాన్ని పాస్టరు చదువుతుంటే తలవంచుకుని విన్నాడు.

సినిమా ఏం చెబుతుంది? ఉరితీసినవారు నిజంగానే మంత్రగత్తెలని. అమెరికాలో ఇది వేళాకోళం, ఎందుకంటే అక్కడ ఇప్పుడు ముసలామెను పట్టుకుని నువ్వు మంత్రగత్తెవని ఎవరూ కొట్టరు. తెలుగుదేశంలో అలా కాదు. తెలంగాణ పల్లెల్లో బాణామతి అనుమానంతో మనుషుల్ని చంపిన సంఘటనలు, పళ్లు రాలగొట్టిన సంఘటనలు పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? మన పక్కా అటువంటి గుసగుసలు లేకపోలేదు. ఒంటరి ముసలామె, పిల్లలు లేనిది, కొంచెం గొణుక్కునేది. ఆమె చూపు పడి గేదె పాలివ్వలేదంటారు. పిల్లలు ఆమె ఇంటి ముందు పరుగెత్తుతారు. ఆ పిల్లలకు ముక్కు వంకరగా, జుట్టు విరబోసుకుని పిల్లల ప్రాణం తీసే ముసలామెను తెరమీద చూపించి, ఇది సరదా అని ఎలా చెప్పగలము? మంత్రగత్తె వేషం బొమ్మ సినిమాలో వచ్చినా, బడిలో వేషాల పోటీలో వచ్చినా మా మాట ఇదే. గుమ్మడికాయ వేషం వేయండి, చిత్తడిలో కప్ప వేషం వేయండి. ఇది వద్దు.

ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయం చూపించి ఇటువంటివన్నీ ఒక్కసారే కొట్టేసే సహోదరులు ఉన్నారు. వారి మాటను మేము తేలికగా తీసుకోము. కర్ణపిశాచులను విచారించడం, సోదె అడగడం దేవుడు నిషేధించాడు. కాని గుమ్మడికాయ తోటలో కూర్చున్న లైనస్ సోదె అడగడం లేదు. తాయెత్తు కట్టించుకున్న ఇల్లు అడిగింది. ఆ వాక్యాన్ని అసలు చదివి వినిపించవలసిన చోటు టీవీ ముందు కాదేమో అని మా అభిప్రాయం.

ఎలా చూడాలి

సినిమాకు ముందు సర్టిఫికెట్టు చూడండి. మన దేశంలో 2024 నుండి పెద్దల తోడు అవసరమైన చిత్రాలకు వయసును బట్టి యూఏ 7+, 13+, 16+ అని వేరువేరుగా ఇస్తున్నారు. ఆ అంకె అలంకారానికి వేసింది కాదు. ఫోనులో తరువాతి సినిమా దానంతటదే రాకుండా ఆపే మీట ఉంటుంది. మీకు తెలియకపోతే బడికెళ్లే పెద్దపిల్లవాడిని అడగండి, వాడికి తెలుసు. పగలు చూపండి. లేదా అన్నాలకు ముందు చూపండి, తిని కబుర్లు చెప్పుకుని పడుకునే వ్యవధి ఉంటుంది. ఫోను గాక టీవీకి పెట్టి అందరూ కలిసి చూస్తే, భయమేసిన పిల్ల ఎవరి ఒళ్లోనైనా దూరుతుంది. చిన్న ఫోను చేతిలో పట్టుకుని మూల కూర్చున్న పిల్లకు ఆ ఒడి ఉండదు.

భయపడిన పిల్లను వెక్కిరించవద్దు. మత్తయి పద్నాలుగో అధ్యాయంలో గాలివాన రాత్రి సముద్రం మీద నడిచివస్తున్న ప్రభువును చూసి, పడవలు నడపడంలో ఆరితేరిన మగవాళ్లు భూతమని కేకలు వేశారు. ఆయన వెంటనే మాట్లాడాడు. ముందు ధైర్యం చెప్పాడు, తానెవరో చెప్పాడు. అల్పవిశ్వాసమని పేతురును మందలించడం ఆ తరువాత, చేయి పట్టుకుని పైకి లేపాక. లూకా ఇరవై నాలుగులో, తిరిగి లేచిన ఆయనను చూసి ఆత్మ అనుకున్నప్పుడు కాల్చిన చేపముక్క అడిగి వాళ్ల ముందే తిన్నాడు. భయం పోగొట్టడానికి ఉపన్యాసం చెప్పలేదు, భోజనం చేశాడు.

ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే ఆచారం గురించి ఒక మాట. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర 1950లో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరుగారు, వారి భార్య దీన్నే మరో దారి పట్టించారు. మిఠాయిలకు బదులు, యుద్ధంలో నష్టపోయిన దేశాల పిల్లలకోసం పాల డబ్బాల్లో చిల్లర పోగుచేయమని తమ సండేస్కూలు పిల్లలకు చెప్పారు. మొదటి ఏడాది పదిహేడు డాలర్లు వచ్చాయి. యూనిసెఫ్ సంస్థకు పంపారు. తరువాత అది దేశమంతటా పాకింది. క్రిస్మస్ కేరల్స్‌కు ఇంటింటికీ తిరిగే మన పిల్లలకు ఇది అర్థమయ్యే పని.

ఈసారి అక్టోబరు 31 సాయంత్రం సంస్కరణ ఆరాధన తరువాత పిల్లల్ని అరగంట ఆపగలిగితే, చర్చి గోడమీద తెల్లబట్ట కట్టి ఆ కూరగాయల చిత్రమో, గుమ్మడికాయ తోట చిత్రమో వేయవచ్చు. ప్రొజెక్టరు లేకపోతే ఎవరింటి టీవీ అయినా సరే. పెద్దపిల్లలు మాటలు తెలుగులో చెబుతారు. రెండు రోజులు పోతే నవంబరు 2. ఆ ఉదయం పిల్లల్ని తప్పక సమాధుల దొడ్డికి వెంట తీసుకెళ్లండి. సున్నం బకెట్టు, కుంచె వాళ్ల చేతికే ఇవ్వండి. తాతగారి సమాధి మీద పేరు ఎక్కడ చెరిగిందో, రంగు ఎక్కడ వేయాలో చూపించండి. చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు అగ్గిపెట్టె కూడా వాళ్లకే ఇవ్వండి, గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించనివ్వండి.